శుక్రవారం ఇవ్వని డబ్బు

2187వ రోజు. ఇంటి దగ్గర సోమవారం.

నూట అరవై మందికి గంజి కాచాను. నాచుపొడి కలపని గంజి కావాలని ఎండబెట్టే షెడ్డు వాళ్లు అలిగారు. బియ్యం ఓడ శనివారం గానీ రాదు, అంతదాకా అలిగినా నాచే, నవ్వినా నాచే అని గరిట చూపించాను. నోరు మూసుకుని తాగారు.

ఈ తెప్ప మీదకి వచ్చి ఆరేళ్లు కావస్తోంది. పేరుకే తెప్ప, ఊరంత ఇనుము. మంచు కరిగిపోయిన ఉత్తర సముద్రంలో నాచు కోసి, ఎండబెట్టి, పొడి కొట్టి ఓడకెక్కించడం మా పని. వాళ్లది కోత, నాది వంట. వేసవిలో ఇక్కడ సూర్యుడు దిగడు, ఏది పొద్దో ఏది రాత్రో తెలిసి చావదు. అందుకే వంటగది గోడకి ఇంటి టైము పెట్టిన గడియారం, పక్కన తెలుగు క్యాలెండరు తగిలించుకున్నాను. రాసుకోవడం గిడ్డంగి చిట్టా వెనక పేజీల్లో, పెన్సిల్‌తో. మెషీన్లో రాసిందల్లా కంపెనీ చదువుతుంది, కాగితం జోలికి మాత్రం రాదు.

గురువులు వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు, దగ్గితే డెబ్భై ఏళ్లవాడిలా ఉన్నాడు. నాచుదుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది.

"పిన్నీ, ఈ ఓడకి నన్నెలాగైనా పంపీ. ఇక్కడుంటే నాను మిగల్ను," అన్నాడు.

వాడి గడువు ఇంకా రెండేళ్లుంది. ముందే పోవాలంటే కంపెనీకి ఆరు లక్షలు విడుదల సొమ్ము కట్టాలి. వాడి పెళ్లాం దమయంతి పడవా వలలూ అమ్మి ఆ సొమ్ము కూడబెట్టింది. దాన్ని కంపెనీ బ్యాంకులో పంపిస్తే వందకి పద్దెనిమిది కోత, పైగా ఇరవై మూడు రోజులు. మెషీన్లు మనిషి గొంతూ మొహమూ దొంగిలించడం నేర్చాక బ్యాంకు ఎవర్నీ నమ్మడం లేదు. రెండు చివర్లా నెత్తురు తీసి పరీక్ష చేస్తే గానీ పైసా కదలదు.

మాకు ఆ బాధ లేదు. మాది చేతిమార్పు. గురువులికి ఇంటి నుంచి డబ్బు ఇక్కడికి రావాలి. మా ఊరివాళ్లు మిగతా నలభై ఒక్క మందికి ఇక్కడి నుంచి ఇంటికి వెళ్లాలి. అలాంటప్పుడు ఎవరి డబ్బైనా సముద్రం దాటడం దేనికి? ఈ నలభై ఒక్క మందీ జీతం బిళ్లలు తెచ్చి నా బియ్యం డబ్బాలో వేస్తారు. అక్కడ దమయంతి ఆరు లక్షలూ మా వదిన కాంతమ్మ చేతిలో పెడుతుంది. వదిన ఇంటింటికీ తిరిగి పంచేస్తుంది. పంచానని కబురు రాగానే నేనీ డబ్బా గురువులి ఒళ్లో పెడతాను. కోత లేదు. ఎంత సేపు పడుతుందంటే, వదిన మోకాళ్ల నొప్పులతో నలభై ఒక్క గడపలు ఎక్కి దిగేంత సేపు.

ఓడ శనివారమే కాబట్టి పంపకం కూడా శనివారం పొద్దున్నే అని ఇద్దరం అనుకున్నాం.

2188వ రోజు. మంగళవారం.

ఇవాళ చేతిమార్పు మూత. కొత్తగా వచ్చిన ఒకడు, "పిన్నీ, నడిసముద్రంలో మంగళవారమేటి?" అని ఇకిలించాడు. మంగళవారం, శుక్రవారం, దీపాలు పెట్టాక, ఈ మూడు వేళల్లో ఇంట్లోంచి డబ్బు గడప దాటదు. మా అమ్మ దాటించలేదు, వాళ్లమ్మా దాటించలేదు. నేను మటుకు ఎందుకు దాటిస్తాను?

వాడికి నిరుటి సంగతి కూడా చెప్పాను, ఇకిలింపు ఆగింది. నిరుడు ఎవడో దొంగ నా గొంతుతో మా వాళ్లకి ఫోన్లు చేశాడు. నా దగ్గుతో సహా దింపేశాడు. తుఫాను వస్తోంది, లారీలకి కట్టాలి, మనిషిని పంపుతున్నా, డబ్బిచ్చెయ్యండి అన్నాడు. అనుమానం వచ్చి వదిన గుర్తు అడిగిందట, పెళ్లినాడు నా కాలి మెట్టె ఎక్కడ పడిపోయిందని. పేడకుప్పలో అని టక్కున చెప్పాడట. ఎప్పుడో ఫోన్లో నవ్వుకుంటూ చెప్పుకున్న ముచ్చట అది, గాలిలోంచి ఏరుకున్నాడు. పదకొండు ఇళ్లు ఊడ్చేశాడు. పన్నెండో ఇంట్లో ముసలామె, "శుక్రోరం పూట మా సన్నెమ్మ డబ్బడగదు, నువ్వెవడివిరా?" అని వచ్చిన మనిషిని చీపురు తిరగేసి తరిమింది.

మెషీను అన్నీ నేర్చింది గానీ వారాలు నేర్వలేదు. అప్పటి నుంచీ నేనే రూలు పెట్టాను. ఏ గొంతైనా కానీ, ఏ గుర్తైనా చెప్పనీ, ఆ మూడు వేళల్లో డబ్బు అడిగితే అది నేను కాదు, ఊరివాళ్లు సన్నెమ్మ అని పిలిచే సన్యాసమ్మ కాదు. ఊళ్లో రేషన్ డిపో గోడ మీద ఈ మాట పెద్ద అక్షరాలతో రాయించాను. ఆ తర్వాత ఒక్క పైసా పోలేదు. నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

2189వ రోజు. బుధవారం.

సెల్వానికి చారు పట్టుకెళ్లాను. తమిళతను, వాతావరణ గదిలో పని. నా చారు కోసం తెలుగు నేర్చుకున్నాడు. తెర మీద మన సముద్రంలో గుండ్రంగా ఏదో తిరుగుతోంది.

"బర్మా వైపు పోతుంది అక్కా, భయం లేదు," అన్నాడు.

మా వాళ్లుండేది రెండో మెరక. మొదటి మెరకని సముద్రం తినేశాక సర్కారు ఇంకాస్త ఎత్తులో కట్టిచ్చిన రేకుల కాలనీ. ముందు మట్టికట్ట, వెనక మెట్టమ్మ తల్లి కొండ. తుఫాను కబురు అక్కడికి ఒక రోజు ఆలస్యంగా చేరుతుంది. డబ్బు కట్టినవాళ్లకి ఈ రోజు కబురు, కట్టని వాళ్లకి నిన్నటిది. నిన్నటి తుఫాను కబురు ఎవరికి కావాలో నాకు తెలీదు.

2190వ రోజు. గురువారం.

నలభై ఒక్క మందీ బిళ్లలు వేసేశారు. డబ్బా నిండింది. గురువులు తన పెట్టె సర్దుకుని, మళ్లీ విప్పి, మళ్లీ సర్దుకున్నాడు.

ఇంటి గడియారం ఆరూ నలభై చూపిస్తుండగా సెల్వం పరుగున వచ్చాడు. అతను వంటగదికి రావడం అదే మొదటిసారి.

"అక్కా, తిరిగింది. రేపు సాయంత్రం ఆరు గంటలకి మీ ఊరు. నీళ్లు మూడు నిలువులు."

నా చేతిలో పప్పుగిన్నె ఉంది. అది దించానో పడేశానో గుర్తులేదు. అక్కడ నా కూతురు సుభద్ర ఉంది, దాని నాలుగు నెలల పిల్ల ఉంది, మా వదిన ఉంది. ఈ పొయ్యి దగ్గర తిండి తినే నలభై రెండు మంది కొంపలూ ఉన్నాయి. తుఫాన్లప్పుడు మన్యం లారీలు మనుషుల్ని ఎక్కించుకుంటాయి గానీ ముందు చేతిలో రొక్కం పడాలి. రొక్కం దమయంతి దగ్గరుంది, ఆరు లక్షలు. అది చాలు అందరికీ.

ఊరికి ఫోను కలవలేదు, సెల్వం తన తంతి వాడుకోనిచ్చాడు. కంపెనీకి తెలిస్తే అతని ఉద్యోగం ఉండదు. దాని మీద గొంతు పోదు, రాత మాత్రమే పోతుంది. అక్కడ డిపోలో చీటీ అచ్చవుతుంది, జవాబూ అక్కడి నుంచే రాయొచ్చు. రాశాను.

"వదినా, రేపు సాయంత్రం తుఫాను. గురువులు డబ్బు ఇప్పుడే తీసి లారీలకి కట్టు. అందరూ మన్యం పొండి. సన్యాసమ్మ."

ఇరవై నిమిషాలకి జవాబు వచ్చింది.

"దీపాలెట్టీసినాం. ఎవులు నువ్వు?"

అప్పుడు గానీ నాకు గోడ మీద నేను రాయించిన మాట గుర్తు రాలేదు.

2191వ రోజు. శుక్రవారం.

తెల్లారేసరికి, అంటే గడియారం తెల్లారిందనేసరికి, మా వాళ్లందరూ వాతావరణ గది బయట ఉన్నారు. ఎవరూ కోతకి పోలేదు. మేస్త్రీ జీతం కోస్తానన్నాడు, కోసుకో అన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎందుకంటే రేపు నా తలకాయే దీన్ని మార్చి చెప్పుకుంటుంది.

ఆరు గంటలకి రాశాను. "వదినా, ఇవాళ శుక్రవారమని తెలుసు. రూలు నేనే పెట్టాను, నేనే తీసేస్తున్నాను. డబ్బు తియ్యి."

"నిరుడు దొంగ కూడా తుపానే అన్నాడు. లారీలే అన్నాడు. కొత్త కథ నేర్చుకుని రా."

"మెట్టె పేడకుప్పలో పడింది. మీ తమ్ముడు వెతికి తీశాడు. నువ్వు కడిగిచ్చావు."

"ఇదీ ఆడు సెప్పీసినాడు."

ఎవరికీ చెప్పనివి రాశాను. మా ఆయన పోయిన రోజు వదిన నన్ను కౌగిలించుకుని ఏమందో రాశాను. నేను ఊరు వదిలే ముందు దాని దగ్గర దొంగతనంగా తీసిన వెండి గిన్నె సంగతి కూడా రాశాను, ఆరేళ్లలో ఒప్పుకోనిది. పక్కన నలభై మంది నిలబడి చదువుతున్నారు, సిగ్గుపడటానికి తీరిక లేదు.

చాలాసేపటికి జవాబు వచ్చింది. "ఇన్ని తెలిసినోడివి, శుక్రోరమని తెలీదా? మా సన్నెమ్మయితే సెయ్యి నరుక్కుంటాది గానీ ఇయాల డబ్బడగదు."

నిజమే. నిన్నటి దాకా అలాంటిదాన్నే. ఎంత బతిమాలితే అంత దొంగలా వినిపిస్తున్నాను.

"డబ్బు మాట ఎత్తకు పిన్నీ," అన్నాడు గురువులు దగ్గు మధ్యలో. "ఉత్తినే కొండెక్కమను. వానకి తడుస్తారు, తడవనీ."

అదీ రాశాను. డబ్బొద్దు, ఇళ్లు వదిలి కొండెక్కండి అని.

"ఇల్లు కాళీ సేయించి దోసుకుందారనా?"

డబ్బు పట్టుకునే ఎక్కండి అన్నాను.

"దారిలో కాపేసినారా? ఎంతమందున్నారు?"

ఎవరో నవ్వారు. నవ్వినవాడే తర్వాత గోడకి తల కొట్టుకున్నాడు. నాకు వదిన మీద ఒళ్లు మండిపోయింది. మరుక్షణం ఏడుపొచ్చింది. దానికి నేర్పింది నేనే, నేర్పినట్టే చేస్తోంది. అది తప్పు చెయ్యడం లేదు.

పదకొండు గంటలకి సర్కారు కబురు వాళ్లకి అందిందని సెల్వం చెప్పాడు. బుధవారం నాటిది. తుఫాను బర్మా పోతోందని.

ఒంటిగంట దాటాక ఇంకో చీటీ వచ్చింది. ఇది వదిన రాసింది కాదు.

"అమ్మా, నేను సుభద్రని. అత్తకి తెలీకుండా రాస్తన్నాను. ఇక్కడ గాలి కూడా లేదు, ఎండ కాస్తంది. నువ్వు నిజంగా అమ్మవే అయితే డబ్బు శనివారం ఇమ్మని చెప్పు. అప్పుడు నమ్ముతాను."

శనివారం అంటే నేను తల్లినవుతాను. శుక్రవారం అన్నంతసేపూ దొంగనే. శనివారానికి అక్కడ ఎవరూ ఉండరు.

నా మట్టిబుర్రకి పావుగంట పట్టింది. నిన్న రాత్రే తట్టాల్సింది. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు కదలదు. కానీ శుక్రవారం ఆడది ఎక్కడికి కదులుతుంది? అమ్మవారి దగ్గరికి. మా వైపు కష్టం వస్తే ముర్రాటలు మొక్కుకుంటాం, పసుపూ వేపాకూ కలిపిన నీళ్ల కుండలు నెత్తిన పెట్టుకెళ్లి తల్లి మీద పోస్తాం. ఆ తల్లి ఉన్నది కొండ మీద.

రాశాను. "సుభద్రా, డబ్బు శనివారమే. పొద్దెక్కాకే. అంతకుముందు ఎవరడిగినా ఇవ్వొద్దు. నాకు మెట్టమ్మ తల్లి కలలో కనపడింది. ఇవాళ దీపాల వేళలోపు ప్రతి ఇంటి నుంచీ ముర్రాట రావాలంది. పిల్లాజెల్లా అందరూ ఎక్కాలి. రాత్రి జాగారం అక్కడే. తప్పితే తల్లికి కోపం వస్తుంది."

తల్లి పేరు మీద అబద్ధం చెప్పాను. దానికి నన్నేం చేస్తుందో చెయ్యనీ.

రెండూ పదికి వదిన చీటీ వచ్చింది.

"ఒలే సన్నెమ్మా! ఇప్పుడు నువ్వే. పొద్దున్నించీ ఎవుడో దొంగసచ్చినోడు నీ పేరుతో నన్ను ఏపుకు తింతన్నాడు. ఎండిగిన్నె తీసినావని కూడా సెప్పినాడే, నిన్నంత మాటంటాడా! కుండలు ఎతుకుతన్నాం. దమయంతి నిన్న దీపాలకి ముందే డబ్బు తెచ్చి నాకిచ్చీసింది. రేపు పొద్దెక్కగానే పంచీస్తాను, నువ్వు బెంగెట్టుకోకు."

గది బయట మగాళ్లు ఏడుస్తూ ఒకర్నొకరు కొట్టుకున్నారు, సంతోషానికి. గురువులు నా కాళ్లు పట్టుకోబోయాడు. నేను వెనక్కి జరిగాను. రెండూ నలభైకి తంతి తెగింది. సెల్వం తెర ఆపలేదు. ఆరు గంటలకి ఆ గుండ్రంది మా ఊరి మీద నిలబడటం చూశాను.

2192వ రోజు. శనివారం.

ఓడ వచ్చింది. బియ్యం దిగాయి. నాచు కలపకుండా అన్నం వండాను.

పదిన్నరకి, సహాయం వాళ్లు కొండ మీద పెట్టిన మెషీను నుంచి సుభద్ర చీటీలు వరసగా వచ్చాయి. అన్నీ ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"అమ్మా, నేనూ పిల్లా కొండ మీదున్నాం. బాగున్నాం. దమయంతి వదిన కూడా ఉంది."

"ఇరవై తొమ్మిది ఇళ్లవాళ్లు ఎక్కినాం. పన్నెండు ఇళ్లవాళ్లు శుక్రవారం పూట ఇంట్లో దీపం ఎట్టకుండా ఎలా వస్తాం, దీపం ఎట్టీసి బయల్దేరతాం అన్నారు. దీపాలు కనపడినాయి. తర్వాత కట్ట తెగింది."

"అత్త రాలేదు. ఎంత పిలిచినా రాలేదు. రేపు పొద్దున్నే పంచాల, ఇంత డబ్బు జనంలోకి తేను, ఇంటికాడ కాపుంటాను, అమ్మ శనివారమంది కదా అంది. ముర్రాట కలిపి నా నెత్తి మీద ఎట్టింది. తన పేరు మీద కూడా పొయ్యమంది."

"పొద్దున దొరికింది. మూట నడుముకే ఉంది. చీరకొంగుతో ఏడు ముళ్లు వేసింది. నోట్లు తడిసినాయి గానీ పాడవ్వలేదు."

"శనివారం కదా అమ్మా. పొద్దెక్కాక ఇరవై తొమ్మిది ఇళ్లకి ఇచ్చీసినాను. పన్నెండిళ్ల వాటా నా దగ్గరుంది. ఎవరికివ్వాలో సెప్పు."

దాని కింద పన్నెండు ఇంటిపేర్లు.

చీటీలు మడిచి రవికలో పెట్టుకున్నాను. బియ్యం డబ్బా తీసి గురువులి ఒళ్లో పెట్టాను. మాటంటే మాట. నీ పెళ్లాం బాగుంది, పో అన్నాను. వాడు నా మొహం చూసి, డబ్బా చంకన పెట్టుకుని ఓడ వైపు నడిచాడు.

భోజనం గంట కొట్టారు. తెల్లన్నం వాసనకి అందరూ ముందే వచ్చి వరసలో నిలబడ్డారు. కొండెక్కుతున్నారన్న నిన్నటి కబురే వాళ్లకి ఆఖరు కబురు. మొదటివాడు పళ్లెం చాపాడు.

"పిన్నీ, ముట్టిందా?"

"ముట్టింది," అన్నాను. రెండోవాడికీ ముట్టింది. మూడోవాడికీ ముట్టింది. నాలుగోవాడు పొద్దున్నించీ నవ్వుతూనే ఉన్నాడు. వాడి ఇంటిపేరు నా రవికలో ఉంది.

"మావోలకి ముట్టిందా పిన్నీ?"

వాడు నిన్నటి నుంచీ ఏమీ తినలేదు. ఇప్పుడు చెబితే మైల రోజులు తీరేదాకా వాడి నోటికి ముద్ద పోదు. ఇలాంటివాళ్లు పన్నెండు మంది, నాతో పదమూడు. గరిటె నిండా అన్నం వేశాను. మీద ఇంకో గరిటె వేశాను.

"ముందు తిను," అన్నాను.

వాడు పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ముందున్న ముగ్గురికీ నేనేం చెప్పానో వాడు విన్నాడు.